ఒక బస్తా దింపండి

మా మల్లేశ్వరరావు మావయ్యకి ఒకటే జబ్బు. కళ్ళబడ్డ ప్రతిదానికీ బరువు చెప్పాలి, మోసేవాళ్ళకి అది ఓవర్‌లోడో కాదో తేల్చాలి. అప్పటిదాకా ఆయనకి ముద్ద దిగేది కాదు. ఎవరైనా నమస్కారం పెడితే "బాగున్నారా" అనేవాడు కాదు. పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి "యాభై నాలుగు" అనేవాడు. మా వీధి ఆడవాళ్ళు మొదట్లో మొహం ముడుచుకునేవాళ్ళు. ఆయన చెప్పే అంకె ఎప్పుడూ అసలుకంటే తక్కువే ఉంటుందని తెలిశాక, పనున్నా లేకపోయినా ఆయనకి ఎదురుపడటం మొదలుపెట్టారు. ఇప్పుడు మా వీధిలో అలా తక్కువ చేసి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

సిల్తారా రోడ్డు మీద ఒక ధరమ్‌కాంటా ఉండేది. లారీని సరుకుతో సహా తూచే కాంటాని మా రాయ్‌పూర్‌లో అలా అంటారు. మావయ్య శ్రీకాకుళం జిల్లా నుంచి మీసాలు రాని వయసులో వచ్చి, ఆ కాంటా గదిలో చిన్న కిటికీ వెనక కూర్చుని, అక్కడే జుట్టు తెల్లబడి రిటైరయ్యాడు. ఎక్కువ బరువు తేలితే లారీ డ్రైవర్లు ఊరుకునేవాళ్ళు కాదు. "కాంటా గలత్ హై!" అని, తూకమే తప్పని, కిటికీ ముందు నిలబడి అరిచేవాళ్ళు. "కాంటా ఎప్పుడూ గలత్ కాదు, నీ లోడే గలత్" అని మావయ్య సగం తెలుగులో సగం హిందీలో అంతకంటే గట్టిగా అరిచేవాడు.

అంతటి కాంటా మనిషి కదా, ఆయన చెప్పే బరువు తూకం వేసినట్టు ఉంటుందనుకుంటాం. ఒక్కటీ సరిపోయేది కాదు. వేసవిలో బిర్గావ్ సంతలో పుచ్చకాయని చేతుల్లోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, "నాలుగున్నర" అనేవాడు. కొట్టువాడు తూస్తే ఏడు ఉండేది. మావయ్య తొణికేవాడు కాదు, బెణికేవాడు కాదు.

"కాంటా గలత్ హై" అనేవాడు.

ఏ మాట మీద జీవితమంతా డ్రైవర్లతో పోట్లాడాడో, రిటైరయ్యాక సరిగ్గా ఆ మాటే సొంతం చేసుకున్నాడు. కొట్టువాడు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "మామాజీ, మీరే కదా కాంటావాలా!" అంటే, "అందుకే నాకు తెలుసు" అని బదులు.

పెళ్ళిచూపుల్లో పైడమ్మత్తని చూసి కూడా ఆయన నోటివెంట వచ్చిన మొదటి మాట "నలభై ఎనిమిది" అట. పిల్ల నచ్చిందా అని పెద్దలు అడిగితే, మళ్ళీ "నలభై ఎనిమిది" అన్నాడట. ఈ పిచ్చివాడికి పిల్లనివ్వనని అత్త వాళ్ళ నాన్న లేచిపోతుంటే, అత్తే తలుపు చాటునుంచి ఆపిందట. పెళ్ళయ్యాక అత్త బాగా ఒళ్ళు చేసింది. కుర్చీలో కూర్చుంటే కుర్చీ చప్పుడు చేసేది. అయినా మావయ్య ఎప్పుడడిగినా "నలభై ఎనిమిది" అనే చెప్పేవాడు. ఆ ఒక్క విషయంలో మా ఇంట్లో ఎవరూ కాంటా తెమ్మని అనలేదు.

నా పెళ్ళి ఫోటోలు చూసినవాళ్ళు "పాపం, మీ తరఫున ఎవరూ లేరా?" అని అడుగుతారు. రెండు బస్సుల జనం వచ్చారు. అందరూ కలిసి ఫోటోకి స్టేజీ ఎక్కగానే మావయ్య కింద నిలబడి చేతులు ఊపాడు.

"దిగండి, దిగండి! ఏటిది, బల్లచెక్క స్టేజీ మీద ఇంతమందేటి? ఓవర్‌లోడ్!"

"ఏం కాదు మావయ్యా, ఒక్క నిమిషం."

"విరగడానికి ఒక్క నిమిషం సాలు. పెళ్ళికూతురూ, పెళ్ళికొడుకూ ఉండండి. మిగతావోళ్ళు ఉతరో!"

అలా నా పెళ్ళి ఆల్బమ్ నిండా నేనూ, హరీష్, కింద మూలన ఒక చెయ్యి. ఆ చెయ్యి మావయ్యది. ఇన్నాళ్ళూ ఆ ఫోటోలు చూస్తే ఒళ్ళు మండేది. ఈమధ్య ఆ చెయ్యి కోసమే ఆల్బమ్ తీస్తున్నాను.

హరీష్ సిల్తారాలో ఒక ఇనుము కర్మాగారంలో పని చేసేవాడు. రెండువేల పన్నెండులో ఒకరోజు ఇంటికొచ్చి, ఉద్యోగం మానేశానన్నాడు. "ఎన్నాళ్ళని ఒకరి కింద చేస్తాం లహరీ? సొంతంగా ఏదైనా చూసుకుందాం" అన్నాడు. నాకు భయమేసినా, ఆ మాటలో తప్పేం కనిపించలేదు. ఏం చేద్దామని చూస్తే, మా చుట్టూ ఉన్న తెలుగువాళ్ళ బాధే మాకు దారి చూపించింది. ఇక్కడి బజారులో దొరికే బియ్యం మనవాళ్ళకి పడవు. ఉప్పుడు బియ్యం వద్దు, కొత్త బియ్యం ముద్దవుతుంది, సన్నం కావాలి, పాతవి కావాలి, అవీ ఏడాదికి సరిపడా ఒక్కసారే ఇంట్లో పడాలి. తిల్దాలో ఒక మిల్లు మనకి కావలసినట్టు పట్టి ఇస్తానంది. అక్కడినుంచి తెచ్చి రాయ్‌పూర్‌లోనూ భిలాయ్‌లోనూ ఇంటింటికీ వెయ్యాలి. అందుకు ఒక బండి కావాలి. ఇకమీదట మా బతుకంతా ఆ బండి మీదే.

బండ్లు రెండు కుదిరాయి. ఒకటి పెద్ద పికప్, బస్తాలు కొండలా పేర్చినా కదలదు. ఇంకొకటి మధ్యరకం. అందులో దానికి సగానికి కాస్త ఎక్కువ పడతాయి. నెలవారీ కట్టే కిస్తులో పెద్ద తేడా లేదు. హరీష్ పెద్దదన్నాడు. నేను పెద్దదన్నాను. మా నాన్న ఊరినుంచి ఫోను చేసి పెద్దదన్నాడు. మా ఎదురింటి రామమూర్తిగారికి సైకిలు కూడా లేదు, ఆయన కూడా పెద్దదే అన్నాడు. అలా అందరం ఒక మాట మీదికి వచ్చాక, షోరూంకి వెళ్ళేరోజు మావయ్యని కూడా పిలిచాం. బరువుల విషయం కదా, పిలవకపోతే బాగుండదని.

మేం వెళ్ళేసరికి ఆయన షోరూం ముందు ఆటో దిగుతున్నాడు. వెనక సీట్లో ఆయనకి బదులు ఒక బియ్యం బస్తా కూర్చుని ఉంది. యాభై కిలోల మిల్లు బస్తా. మావయ్య డ్రైవరు పక్కన ఇరుక్కుని వచ్చాడు.

"ఇదేంటి మావయ్యా?"

"బండిని సూస్తే ఏటి తెలుస్తాదమ్మా? బస్తా ఎక్కించి సూడాల."

లోపల అద్దాల తలుపులు, మొహం కనిపించే నేల, మూలన పూలకుండీ, టై కట్టుకున్న సేల్స్‌మన్. ఆ నేల మీద ఆటో డ్రైవరు బస్తాని ఈడ్చుకొచ్చి దబ్బున పడేశాడు. సేల్స్‌మన్ మంచివాడు. బస్తా వైపు చూడనట్టు నటిస్తూ, ముందు నడిపి చూస్తారా అని హిందీలో అడిగాడు. నడపడం ఎవరికైనా వస్తుంది, ముందు లోడింగ్ చూడాలన్నాడు మావయ్య.

"అల్లుడూ, ఎత్తు. పెద్దదాన్లో పెట్టు."

హరీష్ బస్తా ఎత్తి పెద్ద పికప్ తొట్టిలో పెట్టాడు. ఆ తొట్టి అంచు అతని రొమ్ము దాకా వచ్చింది.

"దింపు. మళ్ళీ ఎత్తు."

హరీష్ మళ్ళీ ఎత్తాడు. "ఇప్పుడు దీన్లో" అంటూ మావయ్య మధ్యరకం బండి చూపించాడు. దాని తొట్టి నడుము ఎత్తులోనే ఉంది. బస్తా ఇట్టే లోపల పడింది. ఇంతసేపూ మావయ్య బండ్ల వైపు చూడనే లేదు. హరీష్‌నే చూస్తున్నాడు. అలవాటుకొద్దీ అతని బరువు అంచనా వేస్తున్నాడనుకుని నేను నవ్వుకున్నాను. ఆ తర్వాత "బాబూ, ఇలా రా, మంచినీళ్ళు తాగొద్దాం" అని హరీష్ భుజం మీద చెయ్యి వేసి పూలకుండీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇద్దరూ కాసేపు నిలబడి వెనక్కి వచ్చారు.

"మధ్యరకం. బస్, అంతే" అన్నాడు మావయ్య.

"అదేంటి? ఎందుకు?"

"పెద్ద బండి కొంటే పెద్ద లోడు ఏస్తారు. పెద్ద లోడు ఏస్తే ఆశ పెరుగుతాది. ఆశ పెరిగితే ఓవర్‌లోడ్."

"ఆశ కాదు మావయ్యా, వ్యాపారం! ఒక్క ట్రిప్పులో అయ్యే పనికి రెండు ట్రిప్పులు తిరగాలా? హరీష్, నువ్వైనా చెప్పు."

పొద్దున ఇంట్లోంచి బయల్దేరేదాకా పెద్ద బండికి రంగు కూడా ఎంచుకున్న మనిషి, నేల వైపు చూస్తూ, "మావయ్యగారు చెప్పారు కదా లహరీ" అన్నాడు. మధ్యరకమే కొన్నాం. దారి పొడుగునా నేను ఇద్దరితోనూ మాట్లాడలేదు.

బండికి పూజ చేసిన రోజు మావయ్య ఇంట్లోకొచ్చి, మా మంచం వైపు చూసి మరో తీర్పు చెప్పాడు. "ఈ మంచానికి ఇద్దరు ఓవర్‌లోడ్. అల్లుడు నేల మీద పడుకుంటే మంచిది." పైడమ్మత్త తల బాదుకుంది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. విచిత్రంగా, హరీష్ ఆ రోజునుంచే చాప వేసుకుని నేల మీద పడుకోవడం మొదలుపెట్టాడు. ఉక్కగా ఉందనేవాడు. రాయ్‌పూర్ ఎండలకి అది నిజమే అనిపించింది. డిసెంబరులో కూడా ఉక్కగా ఉందనేవాడు.

వ్యాపారం నడిచింది. నడిచిందంటే, నేను చెప్పినట్టే రెండేసి ట్రిప్పులు నడిచింది. ధర్సీవా దగ్గర ఒక పెద్ద హాస్టలువాళ్ళు బియ్యం ఆర్డరు మాకే ఇస్తామన్నారు. సరుకంతా ఒక్కసారే రావాలని షరతు పెట్టారు. పెద్ద పికప్ ఉన్న ఎవరో అది తన్నుకుపోయారు. ఆ రోజు మావయ్య ఇంటికి వచ్చినప్పుడు నేను నోరు కట్టుకోలేకపోయాను.

"చూశావా మావయ్యా, నీ మధ్యరకం!"

"తప్పేనమ్మా. నా బుద్ధి గడ్డి తింది. తిట్టు."

"తిట్టి ఏం లాభం?"

"కోపం దిగుతాది. తిట్టు. అయ్యాక కాఫీ ఇద్దువుగాని."

ఇలా ప్రతి నెలా ఏదో ఒకటి. ఆర్డరు పోయినా, డీజిలు ధర పెరిగినా, రెండో ట్రిప్పుకి పొద్దుపోయినా తిట్లు మావయ్యకే. ఆయన ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. తల వంచుకుని అన్నీ విని, కాఫీలో పంచదార తక్కువైందని మాత్రం అనేవాడు.

తప్పుడు సలహా ఇచ్చినందుకు ప్రాయశ్చిత్తం అంటూ, సరుకు తెచ్చే రోజుల్లో తనూ బండిలో తిల్దా వెళ్ళేవాడు. సాయం వస్తున్నాడని సంతోషించాలో ఏడవాలో తెలిసేది కాదు. బస్తాలన్నీ ఎక్కాక ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుని, కిటికీలోంచి తల బయట పెట్టి అరిచేవాడు.

"నేనెక్కేను గదా, ఒక బస్తా దింపండి!"

"మావయ్యగారూ, బండి మోస్తుందండీ" అని హరీష్ బతిమాలేవాడు.

"నా బరువు యాభై. బస్తా బరువు యాభై. నేనెక్కితే బస్తా దిగాల. హిసాబ్ బరాబర్."

ఆయన యాభై ఏమిటి, సీటు మీద ఆయన ఎక్కినవైపు బండి ఒరిగేది. అయినా మిల్లులో హమాలీలు నవ్వుకుంటూ ఒక బస్తా దింపేవాళ్ళు. సాయానికి వచ్చిన మనిషి వల్ల ప్రతి ట్రిప్పుకీ ఒక బస్తా నష్టం అన్నమాట.

అదొక్కటే అయితే సర్దుకుపోదును. మావయ్య శాస్త్రాలు కూడా పుట్టించాడు. బండి యజమాని తన సరుకు తను ముట్టుకోకూడదట, ముట్టుకుంటే బండికి దోషమట. మిల్లులో హరీష్ బస్తా మీద చెయ్యి వేస్తే చాలు, "దోషం, దోషం!" అని ఊరంతా వినపడేలా గోల చేసేవాడు. హమాలీలే ఎక్కించాలి. మరి కొనేవాళ్ళ ఇంటి దగ్గర హమాలీలు ఎక్కడినుంచి వస్తారు? దానికి ఇంకో శాస్త్రం. బియ్యమంటే లక్ష్మి, లక్ష్మిని పరాయివాడు గడప దాటించకూడదు, ఇంటివాళ్ళే బస్తాకి పసుపూ కుంకుమా పెట్టి లోపలికి మోసుకోవాలి.

సిల్తారాలో పనిచేసే రాజేష్‌గారిది కరీంనగర్. ఆయన ఒకసారి తల గోక్కున్నాడు.

"మా దిక్కు గిట్ల లేదు గద సార్?"

"మీవైపు లేదు బాబూ, మా సిక్కోలువైపు ఉంది."

రాజేష్‌గారు "గట్లనా" అని చొక్కా చేతులు మడిచి బస్తా ఎత్తుకున్నాడు. మరునాడు శ్రీకాకుళం వాళ్ళింట్లో ఇదే ప్రశ్న వస్తే, "ఇది తెలంగాణవైపు ఆచారం, చాలా మంచిది" అన్నాడు మావయ్య. కాకినాడనుంచి వచ్చిన నర్సు సుశీలగారు, "మేం లక్ష్మిపూజ చెయ్యం కదండీ" అంటే, మావయ్య ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అయితే ప్రార్థన చేసుకుని ఎత్తుకోండమ్మా. ఎత్తుకోవడం మాత్రం మీరే." ఆవిడ భర్త దేవదాసుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని మరీ ఎత్తుకున్నారు. ఊరు కాని ఊళ్ళో ఉన్నవాళ్ళం కదా, ఏది మన ఆచారమో ఏది కాదో ఎవరికీ గట్టిగా తెలియదు. ఎక్కడో మనవాళ్ళు చేస్తారంటే, మనమే మరిచిపోయాం కాబోలు అనుకుంటాం. రెండేళ్ళు తిరిగేసరికి, మా బండి వీధిలోకి రాగానే ఆడవాళ్ళు కుంకుమభరిణెలతో, మగవాళ్ళు తలకి తువ్వాలు చుట్టుకుని గడపల్లో నిలబడేవాళ్ళు. నేను మాత్రం, వ్యాపారం పెంచమంటే ఈయన ఆచారాలు పెంచుతున్నాడని విసుక్కునేదాన్ని.

మావయ్య పోయి మూడేళ్ళవుతోంది. మధ్యాహ్నం భోజనం చేసి, కునుకు తీస్తానని పడుకుని మళ్ళీ లేవలేదు. ఎవరి చేతా మోయించుకోలేదు అని అందరూ అన్నారు. తిల్దా మిల్లు హమాలీలు కూడా వచ్చారు. చివరి ప్రయాణంలో వాళ్ళే ముందుకొచ్చి భుజం పట్టారు. యాభై అనుకుని లేపినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్ళీ సరిచేసుకుని లేపారు. వాళ్ళలో పెద్దాయన కన్నీళ్ళతోనే గొణిగాడు. "మామాజీ కా కాంటా గలత్ థా." ఏడుస్తున్న పైడమ్మత్త ఆ మాట విని ఫక్కున నవ్వింది. తర్వాత మరీ ఎక్కువ ఏడ్చింది.

కిందటేడు ఉగాది ముందు ఆర్డర్లు ముంచుకొచ్చాయి. బండి కూడా పాతబడింది. ఇప్పుడైనా పెద్దది కొందామని నేనే పట్టుబట్టాను. హరీష్ వద్దనలేదు, అవుననలేదు. అదే షోరూం, ఇంకో సేల్స్‌మన్. నడిపి చూస్తారా అని అడిగాడు. నాకెందుకో మావయ్య గుర్తొచ్చాడు. ఆయన పద్ధతిలోనే చూద్దామనిపించి, మా బండిలో ఉన్న బస్తా ఒకటి షోరూం పనివాళ్ళిద్దరిచేత దింపించి నేల మీద పెట్టించాను.

"ఎత్తు హరీష్. పెద్దదాన్లో పెట్టు" అన్నాను నవ్వుతూ.

హరీష్ వంగాడు. బస్తా మోకాలి దాకా లేచింది. అక్కడే ఆగిపోయింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. బస్తా వదిలేసి, తొట్టి పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుండిపోయాడు. నేను పరిగెత్తుకెళ్ళి పక్కన కూర్చున్నాను. నేను అడగకముందే అతనే చెప్పాడు.

"ఉద్యోగం నేను మానలేదు లహరీ. నడుము మానిపించింది."

కర్మాగారంలో బరువు ఎత్తుతుంటే నడుము పట్టేసిందట. ఇకమీదట బరువులు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడట. నాతో చెబితే బండి కొననివ్వనని, ఏమీ చేతకానివాడిలా ఇంట్లో కూర్చోవాల్సి వస్తుందని దాచాడట.

"మరి ఇదే చోట అప్పుడు ఎత్తావు కదా?"

"పళ్ళు బిగబట్టి ఎత్తాను. నువ్వు చూడలేదు, మావయ్య చూశారు. ఆ పూలకుండీ దగ్గర నిలబెట్టి, 'నడుమేనా' అన్నారు. నీకు చెప్పొద్దని చేతులు పట్టుకున్నాను."

"ఏమన్నాడు?"

"'సెప్పకపోతే అది నన్ను తిడతాది గదయ్యా' అన్నారు. కాసేపు ఆలోచించి, 'సర్లే, తిట్టనీ' అన్నారు."

పెద్ద బండి, ఎత్తు తొట్టి, యజమాని ముట్టుకోకూడని సరుకు, గడప దాటించకూడని లక్ష్మి, ఇద్దరికి చాలని మంచం. అన్నీ ఒక్కసారి వరసగా కళ్ళముందు తిరిగాయి. సేల్స్‌మన్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. బండి సంగతి మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అక్కడినుంచి తిన్నగా పైడమ్మత్త దగ్గరికి వెళ్ళాను. అత్త చింతపండు గింజలు తీస్తోంది. నేను చెప్పిందంతా విని తల కూడా ఎత్తలేదు.

"నాకు తెలుసమ్మా."

"తెలిసీ ఒక్క మాట చెప్పలేదేం అత్తా?"

"సెప్పితే ఒట్టే అన్నారు. నువ్వు తిట్టిన రోజున ఇంటికొచ్చి కులాసాగా కూకునీవోరు. 'ఇయ్యాల లహరి బాగా తిట్టింది పైడీ, అంటే అల్లుడి నడుం బాగున్నట్టే' అనీవోరు."

"నేనన్న మాటలకి బాధపడేవాడా?"

"నానూ అడిగీదాన్ని. ఎంత బరువండీ ఆ తిట్లు, మీరు మొయ్యగలరా అని. 'ఎంతే, కిలో ఉంటాది. ఓవర్‌లోడ్ కాదులే' అనీవోరు."

"అత్తా, ఆయన ఏ బరువూ సరిగ్గా చెప్పేవాడు కాదు కదా" అన్నాను.

అత్త చింతపండు పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. తన ఒంటి వైపు ఒకసారి చూసుకుని నవ్వింది.

"అవును. అన్నీ తక్కువే సెప్పీవోరు" అంది.

ఆ నవ్వు మావయ్య ఉండగా నేను నవ్వి ఉండాల్సింది. ఒక్కసారైనా తిట్టకుండా కాఫీ ఇచ్చి, పంచదార ఆయన అడిగినంతా వేసి ఉండాల్సింది. ఇప్పుడు ఎంత వేస్తే ఏం లాభం? తాగే మనిషి లేడు.

హరీష్ ఇప్పుడు మంచి డాక్టరుకి చూపించుకుంటున్నాడు. నేల మీద దర్జాగా పడుకుంటున్నాడు, ఉక్క అని సాకు చెప్పక్కర్లేదు. పెద్ద బండి కొనలేదు. ఉన్నదానికే ఇంజను పని చేయించాం. మొన్న బిర్గావ్‌లో కొత్తగా కాపురానికి వచ్చిన ఒక అమ్మాయి, మా బండి ఆగగానే కుంకుమభరిణె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఈ ఆచారం తనకెవరు చెప్పారని అడిగాను. "మా అత్తగారండీ. మన పెద్దలనాటినుంచీ ఉందట కదా" అంది. నేను కాదనలేదు. ఉందమ్మా, ఒక పెద్దాయన పెట్టాడు అన్నాను.

ఇప్పుడు తిల్దాకి హరీష్‌తో నేనే వెళ్తున్నాను. కిందటి వారం లోడంతా అయ్యాక మిల్లు కాంటా మీద బండి ఎక్కించాం. పాత లెక్కలు కూడా తిరగేసి కాంటా బాబు కిటికీలోంచి తల బయట పెట్టాడు. బండి మోసేదానికి ఎప్పుడూ రెండు బస్తాలు తక్కువే తీసుకెళ్తారు ఎందుకని అడిగాడు.

"మా మావయ్య ఎక్కాడు కదా, అందుకు" అన్నాను.

అతను ముందు సీటు వైపు చూశాడు. నేనూ హరీష్ తప్ప ఎవరూ లేరు. మిల్లుకి కొత్త, పాపం.

"సరే, ఆయనకి ఒక బస్తా. మరి రెండోది?"

"అది ఆయన కాంటా తప్పుకి" అన్నాను.